తక్కువ ఖర్చులో మంచి ఫ్లోరోకార్బన్ లైన్ ఎంచుకోవడం ఎలా?

గాలం వేసేవాళ్లలో ఫ్లోరోకార్బన్ లైన్ అనగానే ముందు వచ్చే మాట "రేటు ఎక్కువ" అని. అది నిజమే. నైలాన్‌తో పోలిస్తే మీటరుకు చాలా ఎక్కువ పడుతుంది. అయితే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది పెద్ద బ్రాండు కొన్నందువల్ల కాదు, అక్కర్లేని చోట కూడా ఫ్లోరో చుట్టినందువల్ల. రీలు మీద 150 మీటర్లు ఉంటే, చేప కంటికి దగ్గరగా ఉండేది, రాళ్లకీ మోళ్లకీ రాసుకునేది చివరి రెండు మూడు మీటర్లే. మిగతాదంతా రీలు మీదో గాలిలోనో ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఏ లైన్ కొనాలి అన్నదానికంటే ముందు ఎంత కొనాలి అన్నది తేలుద్దాం.

మొదటి మెట్టు: మీకు ఫ్లోరో అవసరమా?

ఈ లైన్‌ని పాలీవినైలిడిన్ ఫ్లోరైడ్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. పొట్టిగా పీవీడీఎఫ్ అంటారు. జపాన్‌కు చెందిన కురేహా సంస్థ 1971లో సీగార్ పేరుతో దీన్ని గాలానికి పనికొచ్చే దారంగా తెచ్చింది. దీనికి నాలుగు మంచి గుణాలున్నాయి.

ఒకటి, నీటిలో తక్కువగా కనిపిస్తుంది. వెలుగు ఏ వస్తువులో ఎంత వంగుతుందో చెప్పే వక్రీభవన గుణకం నీటికి 1.33, పీవీడీఎఫ్‌కి దాదాపు 1.42, నైలాన్‌కి 1.53 దగ్గర. నీటి అంకెకు ఎంత దగ్గరగా ఉంటే అంత తక్కువగా కనిపిస్తుంది. అలాగని మాయమైపోదు. గాజు గ్లాసులో నీళ్లు పోసి ముక్క వేసి చూడండి, స్పష్టంగానే కనిపిస్తుంది. నైలాన్ ముక్క పక్కన పెడితే తేడా తెలుస్తుంది, అంతే. ప్యాకెట్ మీద "కంటికి కనిపించదు" అని రాసి ఉంటే ఆ మాటకు అదనంగా డబ్బు పెట్టకండి.

రెండు, బరువు. దీని సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 1.78 గ్రాములు. నైలాన్‌ది 1.14, సన్నటి పోగులు అల్లి చేసిన బ్రెయిడ్ లైన్‌ది 0.97. అంటే ఫ్లోరో త్వరగా మునుగుతుంది, నైలాన్ మెల్లగా దిగుతుంది, బ్రెయిడ్ తేలుతుంది. అడుగున ఎర ఆడించేవాళ్లకు ఇది వరం.

మూడు, నీళ్లు పీల్చదు. నైలాన్ నానితే కొంత బలం కోల్పోయి మెత్తబడుతుంది. ఫ్లోరో పొడిగా ఎంత ఉందో తడిగానూ దాదాపు అంతే.

నాలుగు, పైపొర గట్టిది. రాళ్లు, గుల్లలు, మునిగిన కొమ్మలు ఉన్నచోట ఈ గుణమే అన్నిటికన్నా ఎక్కువ పనికొస్తుంది. నా లెక్కలో ఫ్లోరోకి డబ్బు పెట్టడానికి అసలు కారణం ఇదే, కనిపించకపోవడం కాదు.

ఇప్పుడు మీ వేటను చూసుకోండి. బురద నీటిలో, అడ్డంకులు లేని చోట బెండు కట్టి గాలం వేసేవారికి ఇందులో ఏదీ పెద్దగా ఉపయోగపడదు. నీటి పైన తేలే లూర్లు (కృత్రిమ ఎరలు) వాడేవారికైతే నష్టం కూడా. లైన్ మునిగి లూర్ ముక్కును కిందికి లాగేస్తుంది. ఈ రెండు రకాల వేటే మీదైతే ఇక్కడే ఆగి మంచి నైలాన్ కొనుక్కోండి, హాయిగా పనవుతుంది. పదునైన పళ్లున్న చేపల సంగతి వేరు. వాటికి ఫ్లోరో కూడా తెగుతుంది, వైరు లీడరే (లైన్ చివర, గాలానికి ముందు కట్టే పొట్టి ముక్క) కావాలి.

తేట నీరు, రాతి అడుగు, బెదురు ఎక్కువున్న చేప, అడుగున నడిపే ఎర. వీటిలో ఒక్కటున్నా ముందుకు వెళ్లొచ్చు.

రెండో మెట్టు: రీలు నిండా కావాలా, లీడర్ చాలా?

డబ్బు మిగిలేదైనా పోయేదైనా ఈ మెట్టులోనే. మూడు దారులున్నాయి.

అన్నిటికంటే చవకైనది, నేను ఎవరికైనా ముందు చెప్పేది: రీలు మీద బ్రెయిడ్ గానీ నైలాన్ గానీ ఉంచి, చివర మీటరున్నర నుంచి రెండు మీటర్ల ఫ్లోరో లీడర్ కట్టుకోవడం. లీడర్ లైన్ చిన్న స్పూళ్లలో, 25 నుంచి 50 మీటర్ల దాకా దొరుకుతుంది. మీటరున్నర చొప్పున కోస్తే 25 మీటర్ల స్పూలుకు 16 లీడర్లు వస్తాయి. రీలు నింపడానికి పట్టే 150 మీటర్లతో అయితే వంద లీడర్లు. స్పూలు కాస్త ఖరీదైనదైనా, ఒక్కో లీడర్‌కి పడే ఖర్చు చాలా చిన్నది. తక్కువ బడ్జెట్ ఉన్నవాళ్లు కూడా మేలు రకం వాడగలిగేది ఈ పద్ధతిలోనే.

రెండోది, సగం సగం. రీలు అడుగున పాత నైలాన్ చుట్టి, పైన 60–70 మీటర్ల ఫ్లోరో వేసుకోవడం. మామూలు విసురుకు అంతకు మించి బయటికి పోదు. 200 మీటర్ల స్పూలు కొంటే మూడుసార్లు సరిపోతుంది. ముందు భాగం అరిగాక పై లైన్‌ని తిరగేసి చుట్టుకుంటే, ఇన్నాళ్లూ లోపల పడి ఉన్న కొస ముందుకొస్తుంది. దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. అడుగు లైన్‌కీ పై లైన్‌కీ మధ్య ముడి చిన్నగా, నున్నగా ఉండాలి. లేకపోతే దూరంగా విసిరినప్పుడు గైడ్లకు (గాలం కర్ర మీద లైన్ పోయే రింగులకు) తగులుతుంది.

మూడోది రీలు నిండా. బెయిట్‌కాస్టింగ్ రీలు (విసిరినప్పుడు స్పూలే తిరిగే రకం) మీద ఎర అడుగున నడిపేవారికి, మధ్యలో ముడే వద్దనుకునేవారికి ఇది బాగుంటుంది. స్పూలు కదలకుండా లైన్ మాత్రమే జారిపోయే స్పిన్నింగ్ రీలు మీద మాత్రం కొత్తవాళ్లకు నేను చెప్పను. ఫ్లోరో బిరుసు. చిన్న స్పూలు మీద 10 పౌండ్ల బలం దాటిన లైన్ చుట్టలు చుట్టలుగా బయటికి దూకి చిక్కుపడుతుంది. తప్పదనుకుంటే 8 పౌండ్లు, అంతకంటే తక్కువలో ఉండండి.

మూడో మెట్టు: ప్యాకెట్ చదవడం

ముందుగా "100 శాతం ఫ్లోరోకార్బన్" అన్న మాట ఉందో లేదో చూడండి. "ఫ్లోరోకార్బన్ కోటెడ్", "హైబ్రిడ్", "ఫ్లోరో ఫినిష్" లాంటి మాటలుంటే చాలావరకు లోపల ఉండేది నైలానే, పైన పల్చటి పూత. అలాంటివి చెడ్డవని కాదు. మెత్తగా ఉంటాయి, చుట్టుకోవడం తేలిక. కానీ నీళ్లు పీల్చకపోవడం, త్వరగా మునగడం లాంటి గుణాలు వాటిలో పూర్తిగా ఉండవు. నైలాన్ కంటే కాస్త ఎక్కువ పెట్టొచ్చు గానీ ఫ్లోరో ధర పెట్టకూడదు.

తర్వాత "లీడర్" అని ఉందా, "మెయిన్ లైన్" అని ఉందా చూడండి. రెండూ పీవీడీఎఫే అయినా లీడర్ రకం గట్టిగా, బిరుసుగా ఉంటుంది. మెయిన్ లైన్ రకాన్ని రీలు మీద కుదురుగా కూర్చునేలా మెత్తగా చేస్తారు. లీడర్ రకాన్ని రీలు నిండా చుట్టడం మాత్రం వద్దు. మెయిన్ లైన్‌ని లీడర్‌గా వాడటంలో తప్పులేదు. రాళ్లు మరీ ఎక్కువ లేని చోట చక్కగా పనిచేస్తుంది, పైగా మీటరు లెక్కన అదే చవక పడుతుంది.

ఇక పౌండ్ల అంకె. చాలామంది ఇది చూసే కొంటారు, మోసపోయేదీ ఇక్కడే. ఆ అంకె పక్కన మిల్లీమీటర్లలో మందం ఉంటుంది. దాన్ని నమ్ముకోండి. మామూలుగా ఫ్లోరోలో 8 పౌండ్లకు 0.23–0.24, 10 పౌండ్లకు 0.26 దగ్గర, 12 పౌండ్లకు 0.28–0.29, 16 పౌండ్లకు 0.33, 20 పౌండ్లకు 0.37 చుట్టుపక్కల ఉంటుంది. ఒక చవక లైన్ మీద 10 పౌండ్లు, 0.31 మి.మీ. అని ఉందనుకోండి. బలం అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి వస్తుంది కాబట్టి 0.26తో పోలిస్తే అందులో 40 శాతానికి పైగా ఎక్కువ పదార్థం ఉన్నట్టు. అది తెగకపోవచ్చు, కానీ మీరు వాడుతున్నది 14 పౌండ్ల మందం. చేపకు ఎక్కువ కనిపిస్తుంది, రీలు మీద తక్కువ పడుతుంది. దీనికి ఎదురు కూడా ఉంది: 0.26 మందానికి 18 పౌండ్లు అని రాసి ఉంటే ఆ మాట అనుమానించాల్సిందే. మందమే రాయని ప్యాకెట్‌ని ఎంత చవకైనా పక్కన పెట్టేయండి.

జపాన్ లైన్ల మీద పౌండ్ల బదులు, లేదా వాటితో పాటు, మందాన్ని చెప్పే గో నంబరు ఉంటుంది. 1వ నంబరు 0.165 మి.మీ., 2వ నంబరు 0.235, 3వ నంబరు 0.285, 4వ నంబరు 0.33. నంబరు నాలుగింతలైతే మందం రెండింతలవుతుందని గమనించండి. ఒక నంబరుకు సుమారు 4 పౌండ్లు అని లెక్కేసుకుంటే మామూలు సైజుల్లో సరిపోతుంది.

ధర పోల్చేటప్పుడు స్పూలు ధర చూడొద్దు. ధరను మీటర్లతో భాగించి, ఒకే మందం ఉన్నవాటినే పక్కపక్కన పెట్టండి. కొన్ని ప్యాకెట్ల మీద పొడవు గజాల్లో ఉంటుంది. గజమంటే 0.91 మీటరు, కాబట్టి 200 గజాల స్పూల్లో 183 మీటర్లే.

ఒక మంచి అవకాశం చాలామంది వదులుకుంటారు. కంపెనీలు ప్యాకింగ్ మార్చినప్పుడు పాత స్టాకు తగ్గింపులో వస్తుంది. నైలాన్ అయితే ఎండకీ కాలానికీ పాడవుతుంది కాబట్టి వెనకాడాలి. పీవీడీఎఫ్‌ని ఎండ అంతగా ఏమీ చేయదు. పెట్టెలో భద్రంగా ఉన్న పాత ఫ్లోరో నిశ్చింతగా కొనొచ్చు. చిన్న స్పూలు మీద ఎక్కువ కాలం ఉండటం వల్ల చుట్టలు కాస్త గట్టిగా పడి ఉంటాయి, అంతే.

నాలుగో మెట్టు: చిన్న స్పూలు కొని పరీక్షించడం

తెలియని చవక బ్రాండు అయితే ముందు అన్నిటికంటే చిన్న స్పూలు ఒక్కటి తెచ్చుకోండి. ఇంట్లో కూర్చుని ఈ పరీక్షలు చేయండి.

మందం: మైక్రోమీటర్ ఉంటే స్పూలు మొదట్లో, పది మీటర్ల తర్వాత, ఇంకో పది తర్వాత కొలవండి. ప్రతిచోటా లైన్‌ని కాస్త తిప్పి రెండోసారి కొలిస్తే గుండ్రంగా ఉందో నొక్కుకుపోయిందో కూడా తెలుస్తుంది. మైక్రోమీటర్ లేకపోయినా ఫర్వాలేదు. ఒక పెన్సిల్‌కి లైన్ మొదలు టేపుతో అంటించి, సందు లేకుండా పక్కపక్కనే 20 చుట్లు బిగుతుగా చుట్టి, చివర కూడా టేపు వేయండి. స్కేలు పెట్టి చుట్ల వెడల్పు కొలవండి. 0.30 లైన్ అయితే 6 మిల్లీమీటర్లు రావాలి. 7 వచ్చిందంటే అది 0.35. ప్యాకెట్ చెప్పినదానికీ దీనికీ ఆ మాత్రం తేడా ఉంటే ఇక పౌండ్ల అంకెకు కూడా విలువ లేదు.

నునుపు: కళ్లు మూసుకుని ఐదారు మీటర్లు బొటనవేలి గోరుకీ చూపుడువేలికీ మధ్య నుంచి మెల్లగా లాగండి. గోటికి చిన్న గడ్డలాగా, గీతలాగా ఎక్కడైనా తగిలిందా? కొత్త లైన్‌లో ఒక్కటి తగిలినా నేను దాన్ని లీడర్‌కి వాడను. చవక లైన్లలో అసలు లోపం బలం తక్కువ కావడం కాదు, బలం అంతటా ఒకేలా లేకపోవడం. తొమ్మిదిసార్లు గట్టిగా ఆగి, పదోసారి పెద్ద చేప పడ్డప్పుడు తెగేది ఇలాంటి చోటే.

మునుగు పరీక్ష: అంతే మందం ఉన్న నైలాన్ ముక్క ఒకటి, దీని ముక్క ఒకటి, రెండూ రెండేసి సెంటీమీటర్లు కోసి, వేళ్లతో తడిపి, పొడవాటి గ్లాసు నీళ్లలో పూర్తిగా ముంచి ఒకేసారి వదలండి. తడపకపోతే రెండూ నీటి పైనే నిలిచిపోవచ్చు. అసలైన ఫ్లోరో ముందుగా అడుక్కి చేరుతుంది. రెండూ కలిసి దిగుతున్నాయంటే మీరు కొన్నది నైలానే అయి ఉంటుంది. కొందరు అగ్గిపుల్లతో కాల్చి చూడమంటారు, దయచేసి ఆ పని చేయకండి. పీవీడీఎఫ్ కాలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విష వాయువు వస్తుంది.

ముడి బలం: సామాను తూచే కొక్కెం త్రాసు ఒకటి చాలు. లైన్ ఒక కొసను త్రాసు కొక్కేనికి మీరు వాడే ముడితోనే కట్టండి. రెండో కొసను ముడి వేయకుండా నున్నటి కర్రకు ఏడెనిమిది చుట్లు చుట్టి పట్టుకోండి. అప్పుడు బలహీనమైన చోటు మీ ముడి ఒక్కటే అవుతుంది. కళ్లద్దాలు పెట్టుకుని, లైన్ తడిపి, కుదుపు లేకుండా మెల్లగా లాగండి. తెగినప్పటి అంకె రాసుకోండి. 10 పౌండ్లంటే నాలుగున్నర కిలోలు. ఇలా నాలుగైదుసార్లు చేసి చూస్తే, అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయన్నదే ముఖ్యం. 3.6, 3.7, 3.5, 3.7 వచ్చిన లైన్ నాకు ఇష్టం. 4.3, 2.4, 4.1, 2.9 వచ్చినదాన్ని ఊరికే ఇచ్చినా రీలుకి ఎక్కించను. అయితే తీర్పు చెప్పే ముందు ముడి సరిగా పడిందో లేదో మరోసారి చూసుకోండి.

ఐదో మెట్టు: మీ వేటకు తగిన బలం

లీడర్ బలం మెయిన్ లైన్ కంటే తక్కువ ఉండాలి, మహా అయితే సమానం. గాలం రాయికి చిక్కి లాగాల్సి వస్తే లీడరే తెగి, ఖరీదైన బ్రెయిడ్ మొత్తం వెనక్కి వస్తుంది. 20 పౌండ్ల బ్రెయిడ్‌కి 12–16 పౌండ్ల లీడర్ చక్కటి జోడీ. తేట నీటిలో చిన్న చేపలకు 6–8 పౌండ్లు చాలు. రాళ్లు, మొద్దులు ఉంటే ఒక సైజు పెంచండి. ఇక్కడ పెంచేది బలం కోసం కాదు, కొంత అరిగినా మిగలడం కోసం. అందరికీ పనికొచ్చే ఒక్క సైజు చెప్పమంటే 12 పౌండ్ల లీడర్ అంటాను.

రంగు గురించి ఎక్కువ ఆలోచించొద్దు. రంగులేనిది తీసుకోండి.

ఆరో మెట్టు: కట్టడం, చుట్టడం

మంచి ఫ్లోరోని కూడా చెడ్డ ముడి పాడుచేస్తుంది. ఈ లైన్ వేడికి ఓర్చుకోదు. పొడి ముడిని సర్రున లాగితే రాపిడికి పుట్టిన వేడితోనే అక్కడ బలం పోతుంది. బిగించే ముందు ముడిని నీళ్లతో గానీ ఉమ్మితో గానీ తడపండి. నెమ్మదిగా, చుట్లు ఒకదాని పక్కన ఒకటి కూర్చునేలా లాగండి. బిగించాక ముడి పక్కన లైన్ తెల్లబారినా, మెలికలు తిరిగినా మొహమాటం లేకుండా కోసేసి మళ్లీ కట్టండి.

గాలానికి పాలోమర్ లేదా యూని ముడి వేయండి. పాలోమర్‌లో రెండు పోగులూ ఒకదానిమీదొకటి ఎక్కకుండా చూసుకోవాలి. నైలాన్‌కి అందరూ వాడే క్లించ్ ముడి, గట్టిగా ఉండే ఫ్లోరోలో జారిపోవచ్చు. 30 పౌండ్లు దాటిన మందపాటి లైన్‌కి యూనిలో మూడు నాలుగు చుట్లు చాలు, ఎక్కువ వేస్తే ముడి బిగుసుకోదు. బ్రెయిడ్‌కి లీడర్ కలపడానికి డబుల్ యూని నేర్చుకోవడం తేలిక: బ్రెయిడ్ వైపు ఏడెనిమిది చుట్లు, ఫ్లోరో వైపు నాలుగైదు. తర్వాత ఓపిక ఉంటే ఎఫ్‌జీ ముడి నేర్చుకోండి, సన్నగా ఉండి గైడ్లలోంచి సాఫీగా పోతుంది. ముడులే కుదరకపోతే మధ్యలో చిన్న స్వివెల్ (రెండు వైపులా తిరిగే లోహపు కొక్కెం) పెట్టేయండి, కాకపోతే అది గైడ్లలోకి రాదు కాబట్టి లీడర్ పొట్టిగా ఉంచాలి.

రీలుకి చుట్టేటప్పుడు తడిగుడ్డతో లైన్‌ని పట్టుకుని ఒకే టెన్షన్‌లో చుట్టండి. స్పిన్నింగ్ స్పూలు అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల కిందే ఆపేయండి. ఫ్లోరో విషయంలో నిండా నింపితే తిప్పలే. వేటకు ముందు కొన్ని మీటర్లు బయటికి లాగి, ఒక స్తంభానికి కట్టి సున్నితంగా సాగదీస్తే చుట్టలు చాలావరకు పోతాయి.

సున్నితంగా అన్నది ఊరికే అనలేదు. ఫ్లోరో అసలు సాగదన్న మాట ప్యాకెట్ల మీద కనిపిస్తుంది గానీ అది నిజం కాదు. గట్టిగా లాగితే సాగుతుంది, పైగా ఒక హద్దు దాటాక తిరిగి ముడుచుకోదు. అందుకే చిక్కుకున్న గాలాన్ని బలంగా లాగి విడిపించిన ప్రతిసారీ చివరి అర మీటరు చూసుకోవాలి. అది సన్నబడినట్టో, పాలిపోయినట్టో ఉంటే కోసేయాలి.

ఏడో మెట్టు: తెగిన కొస చూసి నిర్ణయించుకోవడం

లైన్ తెగిన వెంటనే "చవక సరుకు, అందుకే" అనుకుంటాం. కొస చూడకుండా ఆ మాట అనకూడదు. కొస పంది తోకలా సన్నగా మెలికలు తిరిగి ఉంటే ముడి జారింది, లైన్ తప్పు లేదు. కొస కాస్త పైదాకా గరుకుగా, గీతలు గీతలుగా ఉంటే రాయికి అరిగింది, ఒక సైజు పెంచాలి లేదా లీడర్ తరచూ మార్చాలి. నున్నగా కోసినట్టు ఉంటే పళ్లో, గుల్లో. ముడికి దూరంగా, గీతలేమీ లేని చోట, మామూలు లాగుడుకే పుటుక్కుమంటే మాత్రం అనుమానం లైన్ మీదే. అలా రెండోసారి జరిగితే ఆ స్పూలు పక్కన పెట్టేయండి.

పక్కన పెట్టినదాన్నీ, కోసిన ముక్కల్నీ నీటి ఒడ్డున వదలొద్దు. ఎండకు చెడని గుణమే ఇక్కడ చేటు. ఏళ్ల తరబడి అలాగే ఉండి పక్షుల కాళ్లకూ తాబేళ్లకూ చుట్టుకుంటుంది. ఒక చిన్న డబ్బా సంచిలో వేసుకుంటే ముక్కలన్నీ అందులో పడతాయి.

చిన్న స్పూలు పరీక్షల్లో నెగ్గి, కొన్ని వేటల్లో తెగిన కొసలన్నీ ముడినో రాయినో చూపిస్తుంటే, అప్పుడు అదే పేరు, అదే మందం ఉన్న పెద్ద స్పూలు కొనండి. తెచ్చాక దాని మొదటి ఐదారు మీటర్లను కూడా గోటితో ఒకసారి చూసి, ముడి బలం మళ్లీ తూచి, ఆ తర్వాతే వాడకం మొదలుపెట్టండి.